విశాఖ నీళ్లలో మిగిలిపోయిన సంకేతం

ఫిల్మ్‌నగర్ (హైదరాబాదు):

పట్నం చూడబోయిన పల్లెటూరి వారు చార్మినారు, సాలార్‌జంగ్ మ్యూజియం అయిపోయాక, వెంట ఉన్న చుట్టాన్ని బతిమాలి జూబ్లీహిల్స్ ఎక్కుతారు. ఫలానా హీరో ఇల్లేదని గేట్ల దగ్గర కాపలావాళ్లను అడుగుతారు. ఒకప్పుడు ఇక్కడ బండరాళ్లు, ముళ్లపొదలు తప్ప ఏమీ ఉండేవి కావు. మద్రాసు వదిలి వచ్చిన అక్కినేని నాగేశ్వరరావు 1976లో అన్నపూర్ణ స్టూడియో తెరిచారు. కారంచేడు నుంచి బయల్దేరిన డి. రామానాయుడు తరువాత ఫిల్మ్‌నగర్ గుట్ట మీద స్టూడియో కట్టారు. రాళ్లు పగిలాయి, రోడ్లు పడ్డాయి, తెలుగు సినిమా ఇక్కడే కాపురం పెట్టింది.

ఈ గుట్టలకు సముద్రం మూడువందల కిలోమీటర్ల పైమాటే. అయినా 2017 ఫిబ్రవరి 17న విడుదలైన ఒక తెలుగు సినిమా మొదటినుంచి చివరిదాకా సముద్రం అడుగునే నడిచింది. దాని పేరు ‘ఘాజీ’. దర్శకుడు సంకల్ప్ రెడ్డికి అదే మొదటి చిత్రం. కథానాయకుడు రామానాయుడి మనుమడు రానా దగ్గుబాటి. పాటలు లేవు, పోరాటాలు లేవు, ఇనుప గొట్టంలాంటి జలాంతర్గామిలో చెమటలు కక్కుతూ నిలబడ్డ నావికులే కథంతా. అలాంటి సినిమాకు మన ఊళ్ల టూరింగు టాకీసుల కాలంలో అయితే రెండో రోజు జనం ఉండేవారు కారు. ఇది మాత్రం ఆడింది. తెలుగులో ఉత్తమ చిత్రంగా 65వ జాతీయ చలనచిత్ర పురస్కారం కూడా తెచ్చుకుంది.

సినిమా చూసి వచ్చిన వాళ్లలో చాలామంది ఇదంతా ఇలాగే జరిగిందనుకున్నారు. ఇలాగే జరగలేదు. ఎలా జరిగిందో యాభై ఏళ్లు దాటినా ఎవరూ గట్టిగా చెప్పలేకపోతున్నారు. నిజంగా జరిగిన కథలో తుపాకుల కంటే ముందు పనిచేసినవి కాగితాలు, వైర్‌లెస్ పెట్టెలు, అర్థంకాని అక్షరాలు. దొంగచాటుగా విన్న కొన్ని సందేశాలను విప్పడంతో మొదలైన ఆ కథ, విప్పడానికి కాగితమే మిగలని ఒక చిక్కుముడి దగ్గర ఆగిపోయింది.

తువ్వాలు కింద బేరం

సంకేత సందేశం అంటే మన రైతుకు కొత్తేమీ కాదు. పశువుల సంతలో దళారీ, కొనుగోలుదారు తువ్వాలు కప్పుకుని దాని కింద వేళ్లు పట్టుకుంటారు. ఏ వేలు పట్టుకుంటే ఎంతో వాళ్లిద్దరికే తెలుసు. చుట్టూ పదిమంది నిలబడినా తువ్వాలు కదలడమే కనిపిస్తుంది కాని ధర కనిపించదు. యుద్ధంలో వైర్‌లెస్ సందేశమూ అంతే. గాలిలో పోయే మాటను ఎవరైనా వినవచ్చు. అందుకని మాటకు బదులు అక్షరాల గుంపులు, అంకెల గుంపులు పంపుతారు. ఏ గుంపుకు ఏ అర్థమో రాసిన పుస్తకం ఇటు ఒకటి, అటు ఒకటి ఉంటుంది. ఆ పుస్తకం లేనివాడికి అది పిచ్చిగీత.

పుస్తకం లేకపోయినా తెలివైనవాడు కొంత పట్టగలడు. సంతలోనూ అలాంటి ముసలివాళ్లు ఉంటారు. తువ్వాలు ఎంతసేపు కదిలింది, బేరం ఎన్నిసార్లు విడిపోయి మళ్లీ కలిసింది, దళారీ ఎద్దు వైపు చూశాడా ఆవు వైపు చూశాడా అన్నది కనిపెట్టి ధర దరిదాపుల్లోకి వచ్చేస్తారు. యుద్ధంలో కూడా ఒక కేంద్రం నుంచి ఉన్నట్టుండి సందేశాలు పెరిగితే, లోపల ఏముందో తెలియకపోయినా ఏదో కదులుతోందని తెలుస్తుంది. 1971లో విశాఖపట్నం నావికాదళం ఈ సూత్రాన్ని రెండు విధాలా వాడింది. శత్రువు మాట వినడానికి ఒకసారి, శత్రువుకు అబద్ధం వినిపించడానికి ఇంకోసారి.

నూనె పట్టించింది

1971 నాటికి మన నావికాదళానికి ఉన్న విమాన వాహక నౌక ఒక్కటే, ‘విక్రాంత్’. అదీ బాయిలరులో పగులు వచ్చి పూర్తి వేగంతో పోలేని స్థితిలో ఉంది. తూర్పు పాకిస్తాన్‌ను, అంటే నేటి బంగ్లాదేశ్‌ను, సముద్రం వైపు నుంచి దిగ్బంధం చేయాలంటే మాత్రం ఆ నౌకే దిక్కు. అందుకని దాన్ని బొంబాయి నుంచి తూర్పు తీరానికి తెచ్చారు. పాకిస్తాన్‌కు కంట్లో నలుసు అదే.

పాకిస్తాన్ దగ్గర అప్పుడు ఫ్రెంచి వారి డాఫ్నే తరగతి జలాంతర్గాములు మూడు ఉన్నా, కరాచీలో బయల్దేరి సింహళం చుట్టి బంగాళాఖాతం దాకా వచ్చి పోరాడగల శక్తి ఒక్క ‘ఘాజీ’కే ఉంది. అది పాతది. అమెరికా నౌకాదళంలో 1945లో ‘డయాబ్లో’ పేరుతో చేరి, 1960లలో పాకిస్తాన్ చేతికి వచ్చింది. దాని కమాండర్ జఫర్ మహమ్మద్ ఖాన్. 1971 నవంబరు 14న అది కరాచీ రేవు వదిలింది.

ఈ సంగతి మనవాళ్లకు తెలిసిన తీరు గురించి ఒకటికి రెండు కథనాలు ఉన్నాయి. మేజర్ జనరల్ ఇయాన్ కార్డోజో 1971 యుద్ధం మీద రాసిన పుస్తకంలో సైన్యానికి చెందిన మేజర్ ధర్మదేవ్ దత్ పేరు చెప్పారు. నవంబరు రెండో వారంలో కరాచీ, ఢాకాల మధ్య నడిచే వైర్‌లెస్ సందేశాలు ఉన్నట్టుండి పెరగడం ఆయన గమనించి, వాటి సంకేతాన్ని విప్పారని ఆ కథనం. అప్పట్లో నావికాదళ గూఢచార విభాగం చూసిన మిహిర్ రాయ్, నావికాదళ చరిత్ర రాసిన వైస్ అడ్మిరల్ హీరానందానీ మరో ఆనవాలు చెప్పారు. చిట్టగాంగ్‌లోని నౌకాదళ అధికారులకు వెళ్లిన ఒక సందేశం మనవాళ్ల చెవిన పడింది. అందులో యుద్ధం మాట లేదు, విక్రాంత్ మాట లేదు. ఒక రకం యంత్రపు నూనె గురించిన ఆరా ఉంది. ఆ నూనె వాడేవి జలాంతర్గాములు, సముద్రంలో మందుపాతరలు ఏరే చిన్న ఓడలు మాత్రమే. చిన్న ఓడలు అంత దూరం రాలేవు. డాఫ్నేలూ రాలేవు. మిగిలింది ఘాజీ.

ఇంట్లోకి కొత్తగా గానుగపిండి వచ్చిందంటే గొడ్డు కొన్నారని ఊరు కనిపెట్టేస్తుంది. ఇదీ అలాంటిదే. సంకేతాన్ని విప్పడం అంటే లెక్కల పండితుల పని అని మనం అనుకుంటాం. సగం పని ఇలాంటి ఇంగిత జ్ఞానం మీదే నడిచింది.

కూరగాయల వల

తూర్పు నావికాదళానికి అప్పటి అధిపతి వైస్ అడ్మిరల్ ఎన్. కృష్ణన్. వేటగాడు వస్తున్నాడని తెలిశాక ఆయన విక్రాంత్‌ను నవంబరు మధ్యలోనే అండమాన్ దీవుల వైపు పంపేశారు. మారుమూల రేవులో దాన్ని దాచారు. విశాఖలో ఉన్నది ‘రాజ్‌పుత్’ అనే ముసలి డెస్ట్రాయరు. రెండో ప్రపంచ యుద్ధంనాటి ఆ ఓడ అప్పటికే పక్కన పెట్టే వయసుకు వచ్చింది. దానికి విక్రాంత్ వేషం కట్టించాలని కృష్ణన్ నిర్ణయించారు.

వేషం అంటే రంగులు, రేకులు కావు. మాటలు. విశాఖకు నూటఅరవై మైళ్ల దూరంలో సముద్రంలోకి వెళ్లి, పెద్ద విమాన వాహక నౌక పంపేటన్ని వైర్‌లెస్ సందేశాలు పంపమని రాజ్‌పుత్‌కు ఆజ్ఞ అయింది. వింటున్న శత్రువుకు అర్థం తెలియకపోయినా ఫరవాలేదు, తువ్వాలు బాగా కదలాలి అంతే. పైగా ఒక తంతి కావాలనే సంకేతం లేకుండా, బాహాటంగా పంపించారు. విక్రాంత్ మీద పనిచేసే నావికుడొకడు ఇంటి దగ్గర జబ్బుపడ్డ తల్లి క్షేమం అడుగుతున్నట్లు అందులో ఉంది. యుద్ధకాలంలో అలాంటి తంతి పొరపాటున బయటికి వచ్చిందంటే శత్రువు కళ్లు మెరవకుండా ఉంటాయా!

బజారులోనూ ఇదే నాటకం నడిచింది. పెద్ద నౌక రేవులో ఉందనిపించేలా మాంసం, తాజా కూరగాయలు భారీగా కావాలని కాంట్రాక్టర్లకు ఆర్డరు వేశారు. ఇంత తక్కువ వ్యవధిలో ఎక్కడి నుంచి తెచ్చేదని వాళ్లు విసుక్కున్నారట. ఆ విసుగు నిజమైంది కనుకనే నాటకం రక్తి కట్టింది. రేవులో గూఢచారులు ఉంటారన్నది కృష్ణన్ లెక్క. వాళ్లు చెవులు నిక్కించి వినేది కాంట్రాక్టర్ల గొణుగుడే. ఈ సంగతులు ఆయనే తన జ్ఞాపకాలలో రాసుకున్నారు.

ఈ వల పారిందనడానికి ఒక కాగితం సాక్ష్యం చెబుతుంది. నవంబరు 25న కరాచీ నుంచి ఘాజీకి ఒక ఆజ్ఞ వెళ్లింది. ‘విక్టర్ మండలం’ అనే చోటికి త్వరగా చేరుకోవాలనీ, విమాన వాహక నౌక రేవులోనే ఉన్నట్లు సమాచారం ఉందనీ దాని సారాంశం. మునిగిన జలాంతర్గామి నుంచి మన ఈతగాళ్లు పైకి తెచ్చిన కాగితాల్లో ఇది దొరికిందని నావికాదళ గ్రంథాలు చెబుతున్నాయి. వాళ్ల సంకేత భాషలో విక్టర్ మండలం అంటే విశాఖపట్నం. మద్రాసుకు ఇంకో పేరు. మన కనకమహాలక్ష్మి అమ్మవారి ఊరికి కరాచీ గదుల్లో ఎవరో ఇంగ్లీషు పేరు పెట్టుకున్నారన్నమాట.

అప్పటికి విక్రాంత్ అక్కడ లేదు. లేని నౌక కోసం ఘాజీ ఆ ఒడ్డుకు వచ్చి కాపు కాసింది.

అర్ధరాత్రి చప్పుడు

డిసెంబరు 3 సాయంత్రం పాకిస్తాన్ విమానాలు పశ్చిమాన మన విమానాశ్రయాల మీద బాంబులు వేశాయి. యుద్ధం మొదలైంది. ఆ రాత్రి పన్నెండు కాబోతుండగా రాజ్‌పుత్ విశాఖ రేవు నుంచి కదిలింది. దాని కెప్టెన్ లెఫ్టినెంట్ కమాండర్ ఇందర్ సింగ్. రేవు దాటిన కాసేపటికి నీళ్లలో ఏదో కదలిక కనబడింది. జలాంతర్గామి మునుగుతోందేమోనన్న అనుమానంతో నీటిలోపల పేలే బాంబులు రెండు వదిలారు. వాటిని డెప్త్ ఛార్జీలంటారు. తరువాత ఏమీ కనబడలేదు. ఓడ తన దారిన పోయింది.

కొద్ది నిమిషాలకు పెద్ద పేలుడు. ప్రధాని ఇందిరాగాంధీ రేడియో ప్రసంగం కోసం మేలుకుని ఉన్న విశాఖ జనం విన్నారు. సముద్రం వైపు ఉన్న ఇళ్ల కిటికీ అద్దాలు పగిలాయి. భూకంపమేమోనని బయటికి వచ్చినవారున్నారు.

తెల్లవారాక సముద్రం మీద తెట్టెగా తేలిన నూనెను, వస్తువులను మొదట చూసిందీ, తెచ్చి నావికాదళానికి అప్పజెప్పిందీ మత్స్యకారులు. తెచ్చిన వాటిలో ఒక ప్రాణరక్షక కవచం మీద పాత అమెరికా పేరు ‘డయాబ్లో’ చూశాక, మునిగింది ఘాజీయేనని తేలింది. ఈతగాళ్లు దిగి చూశారు. డిసెంబరు 9న ప్రభుత్వం ఈ సంగతి ప్రకటించింది. అదే రాత్రి పశ్చిమ సముద్రంలో మన ‘ఖుక్రీ’ని పాకిస్తాన్ జలాంతర్గామి ‘హంగోర్’ ముంచింది. ఘాజీలో ఉన్న 93 మందిలో ఒక్కరూ బతకలేదు. ఇటు ఖుక్రీతో పాటు దాని కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా, వందమందికి పైగా మన నావికులు పోయారు. నీళ్లకు ఏ జెండా అయినా ఒకటే.

మత్స్యకారుల పేర్లు మాత్రం ఏ సినిమా టైటిళ్లలోనూ పడలేదు.

ఎవరు ముంచారు?

ఇక్కడి నుంచే చిక్కు. రాజ్‌పుత్ వేసిన బాంబుల వల్లే ఘాజీ మునిగిందన్నది మన నావికాదళం మాట. తాను పరచిన మందుపాతర మీదకు తానే పోయి, లేదా లోపల ఉన్న ఆయుధాలు పేలి మునిగిందన్నది పాకిస్తాన్ మాట. బ్యాటరీలకు కరెంటు ఎక్కించేటప్పుడు పుట్టే హైడ్రోజన్ వాయువు అంటుకుని ఉండవచ్చునన్నది మూడో మాట. రేకు లోపలి నుంచి బయటికి విచ్చుకుని ఉన్నట్లు కనబడిందని, కనుక పేలుడు లోపలిదేనని అన్న నావికాదళ అధికారులూ ఉన్నారు. బయట బాంబు పేలిన అదురుకే లోపలి మందుగుండు అంటుకుందన్నవారూ ఉన్నారు.

తేదీ మీద కూడా తగాదా ఉంది. అప్పట్లో తూర్పు సైన్యంలో ముఖ్య అధికారిగా ఉన్న లెఫ్టినెంట్ జనరల్ జె.ఎఫ్.ఆర్. జాకబ్ చెప్పినదాన్ని బట్టి, డిసెంబరు 3 ఉదయమే కృష్ణన్ ఆయనకు ఫోను చేశారు. మత్స్యకారులకు ఘాజీ శకలాలు దొరికాయన్నారు. అదే నిజమైతే రాజ్‌పుత్ బాంబులు వేసేనాటికే ఘాజీ అడుగున ఉండాలి. మరి అర్ధరాత్రి అద్దాలు పగలగొట్టిన పేలుడు ఏమిటి? దానికి జాకబ్ మాటలో జవాబు లేదు. ఫోను సంగతికి నావికాదళం మాటలో జవాబు లేదు.

కాగితాలు చూస్తే తేలుతుంది కదా అనవచ్చు. హీరానందానీ నావికాదళ చరిత్ర రాస్తున్నప్పుడు ఘాజీ మునక పత్రాలు కావాలని తూర్పు నావికాదళాన్ని అడిగారు. అవి ధ్వంసం చేసినట్లు జవాబు వచ్చిందని 2010లో పత్రికలు బయటపెట్టాయి. శత్రువు సంకేతాన్ని విప్పినవాళ్ల దగ్గర సొంత కాగితాలు లేకుండా పోవడం చిత్రం. దాచవలసిన రహస్యం దాచడం వేరు, పదిలంగా ఉంచవలసిన లెక్క తగలబెట్టడం వేరు. పల్లెలో కరణం పాత అడంగలు కాల్చేస్తే ఊరుకుంటామా?

ఇలాంటి గొడవ పరాయి దేశాల్లోనూ ఉంది. ఇంగ్లండులో 1982లో ఒక ఇంటి పొగగొట్టం బాగుచేస్తుంటే పావురం ఎముకలు బయటపడ్డాయి. కాలికి ఎర్రని గొట్టం, అందులో సన్నని కాగితం. రెండో ప్రపంచ యుద్ధంలో పంపిన సంకేత సందేశమది. అయిదేసి అక్షరాల గుంపులు 27. చివర ఒక సార్జెంటు సంతకం. 2012లో బ్రిటిష్ ప్రభుత్వ సంకేత నిపుణులు దాన్ని చూసి, నాటి పుస్తకం దొరికితే తప్ప విప్పలేమని చేతులెత్తేశారు. విప్పామన్నవారు తరువాత కొందరు వచ్చారు కాని నిపుణులు ఒప్పుకోలేదు. పావురం తన పని తాను చేసింది, దారిలో ప్రాణం పోయింది. పుస్తకం పోగొట్టుకున్నది మనుషులు. మనకు పొరుగునే ఒడిశా పోలీసులు కూడా 1946లో కోరాపుట్‌లో పావురాల టపా మొదలుపెట్టి దశాబ్దాల పాటు నడిపారు.

మళ్లీ గుట్ట మీదికి

విశాఖ రామకృష్ణా బీచిలో 2002 నుంచి ‘కుర్సురా’ జలాంతర్గామిని ప్రదర్శనకు పెట్టారు. విహారయాత్రకు వెళ్లే బడిపిల్లలు తలలు వంచుకుని దాని లోపల నడిచి వస్తారు. సంకల్ప్ రెడ్డికి ఘాజీ ఆలోచన పుట్టింది అక్కడేనని సినిమా వచ్చిన రోజుల్లో చెప్పుకున్నారు. ఆయన మొదట ‘బ్లూ ఫిష్’ అనే పుస్తకం రాసి, తరువాత తెరకెక్కించారు.

కాగితాలు లేని చోట కల్పనకు చోటెక్కువ. సినిమాలో ఘాజీని వెంటాడేది రాజ్‌పుత్ కాదు, ఎస్21 అనే మన జలాంతర్గామి. అందులో కె.కె. మేనన్ వేసిన దుడుకు కెప్టెన్, రానా వేసిన నిదానపు అధికారి ఒకరితో ఒకరు పడరు. నిజానికి ఎస్21 అన్న అంకె మన ‘కరంజ్’ జలాంతర్గామిది. అది ఘాజీతో తలపడినట్లు ఏ చరిత్రా చెప్పదు. కూరగాయల కాంట్రాక్టర్ల విసుగు, తల్లి క్షేమం అడిగిన దొంగ తంతి, నూనె సందేశం మీద తలలు పట్టుకుని కూర్చున్నవాళ్లు కథకు ప్రాణం కాలేదు. తెరకు నీళ్లలో పోరాటం కావాలి. దాన్ని తప్పు పట్టనక్కరలేదు. సినిమా వల్లనే మన పల్లెల్లో కుర్రవాళ్లకు ఘాజీ పేరు తెలిసింది. వాళ్లు తాతను అడిగితే, ఆ రాత్రి విశాఖలో రేవు కూలికి పోయిన తాత ఉంటే, ఇంకో కథ వింటారు.

ఘాజీని సొంత ఖర్చుతో పైకి తీస్తామని అమెరికా, సోవియట్ యూనియన్ ముందుకు వచ్చాయని, మన ప్రభుత్వం ఒప్పుకోలేదని చెబుతారు. 1944 ఫిబ్రవరిలో మునిగిన జపాను జలాంతర్గామి ‘ఆర్‌ఓ-110’ కూడా విశాఖ ముంగిట్లోనే ఉంది. 2024లో మన నావికాదళం, సముద్రగర్భంలోకి దిగే కొత్త వాహనంతో ఘాజీ శిథిలాలను మళ్లీ గుర్తించింది. ఒడ్డుకు రెండు రెండున్నర కిలోమీటర్ల దూరంలోనే ఉందని తేలింది. లోపల మనుషుల అవశేషాలు ఉన్నాయి గనుక, నావికుల ఆచారాన్ని పాటించి దాన్ని ముట్టుకోకుండా వదిలేశారు. పైన విశాఖ పడవలు ఎప్పటిలాగే తెల్లవారుజామున వలలు వేసుకుంటున్నాయి.